ఆ వెలుగు ఎవరి ముంగిట?

క్రిస్మస్‌కు చర్చికి లైటింగ్ పెట్టాలా, వద్దా? డిసెంబరు నెల దగ్గరపడగానే మన సంఘాల్లో ఏటా తలెత్తే ప్రశ్న ఇది. యువకులు చందా పుస్తకం పట్టుకుని బయల్దేరతారు. పెద్దలు ఖర్చుల లెక్కలు తీస్తారు. చివరికి తీర్పు కోసం అందరూ పాస్టర్ ముఖంలోకి చూస్తారు. నా పరిచర్యలో ఒకసారి ఈ ప్రశ్నకు నేను చాలా ధీమాగా జవాబు చెప్పాను. ఆ జవాబులో ఉన్న లోపాన్ని మా చర్చి వెనుక సందులో ఉండే ఒక ముసలమ్మ చూపించింది. ఎక్కడో అమెరికాలో, టెక్సస్ కొండల మధ్య ఉన్న ఒక చిన్న ఊరు దాన్ని నాకు పూర్తిగా అర్థం చేయించింది.

కొన్నేళ్ల క్రితం మాట. మా చర్చి పైన పెట్టే పెద్ద నక్షత్రం పాడైపోయింది. కొత్తది చేయించి, చుట్టూ సీరియల్ బల్బులు వేయాలని యువకులు ఎస్టిమేట్ రాసుకొచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే కాదు, ఆ ఆదివారం ప్రసంగంలో దాన్నే అంశంగా తీసుకున్నాను. పశువుల తొట్టిలో పవళించిన ప్రభువుకు ఈ ఆర్భాటాలెందుకని, ఈ డబ్బు పేదలకిస్తే ఆయన సంతోషిస్తాడు కదా అని గట్టిగా బోధించాను. పెద్దలు తలలూపారు. యువకులు తలలు దించుకున్నారు. ఆ ఏడు నక్షత్రం లేకుండానే క్రిస్మస్ జరిగింది.

ఆ రోజుల్లోనే, ఒక తెల్లవారుజాము ప్రార్థన ముగిశాక, కూలిపని చేసుకుని బతికే ఆ ముసలమ్మ నా దగ్గరకొచ్చింది. ‘‘ఈ ఏడు నక్షత్రం ఎట్టలేదేంటండి అయ్యగారూ? మా సందులో లైటు లేదు గదండీ. డిసెంబరు నెలంతా ఆ ఎలుగులోనే నడిచొచ్చేదాన్నండి’’ అంది. ఆ డబ్బు పేదల కోసమమ్మా అని ప్రసంగంలో చెప్పిన మాటే ఆమెకూ చెప్పాను. ఆమె నా వైపు వింతగా చూసి, ‘‘పేదోళ్లంటే మేమే గదండీ’’ అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

ఆ మాట నన్ను ఇంటిదాకా వెంబడించింది. నక్షత్రానికి ఖర్చు పెట్టని ఆ సొమ్ము ఏమైందో చూద్దామని చర్చి లెక్కల పుస్తకం తెరిచాను. అందులో ఒక్క రూపాయి కూడా పేదలకు చేరలేదు. ఎవరూ కాజేయలేదు కానీ, కాంపౌండు గేటు రంగులకూ, నాలుగు కొత్త కుర్చీలకూ అయిపోయింది. బేతనియలో మరియ విలువైన అత్తరును ప్రభువు పాదాలకు పూసినప్పుడు, దాన్ని అమ్మి పేదలకు ఇవ్వవచ్చు కదా అని అడిగినవాడు ఇస్కరియోతు యూదా. అది పేదల మీద శ్రద్ధతో అన్న మాట కాదని యోహాను నిర్మొహమాటంగా రాశాడు (యోహాను 12:3–6). సెమినరీలో ఆ వాక్యభాగం మీద పేజీలకు పేజీలు వ్యాఖ్యానం రాసినవాణ్ణి. అదే మాట నా నోట వచ్చినప్పుడు మాత్రం గుర్తుపట్టలేకపోయాను.

మరుసటి ఏడాది నవంబరులో, మా అమ్మాయి పురిటికని నేనూ నా భార్యా టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ వెళ్లాము. డిసెంబరు రెండో వారంలో తిరుగు ప్రయాణం. బయల్దేరడానికి రెండు రోజుల ముందు, ‘‘కొండల్లో చిన్నచిన్న ఊళ్లుంటాయి మావయ్యగారూ, క్రిస్మస్ లైటింగ్ చూసొద్దాం రండి’’ అన్నాడు అల్లుడు. ముసలమ్మ మాట ఇంకా మనసులో ముల్లులా ఉంది. అయినా పెద్ద మనవడు సంబరపడుతుంటే కాదనలేక కారెక్కాను.

ఆస్టిన్ నుంచి పడమరగా 290 నంబరు హైవే మీద వెళ్తే, నగరం వెనకబడగానే సున్నపురాయి గుట్టలు మొదలవుతాయి. వాటి మీద ఓక్ చెట్లు, జూనిపర్ పొదలు. ఆ ప్రాంతాన్ని హిల్ కంట్రీ అంటారు. దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో జాన్సన్ సిటీ, అక్కడి నుంచి మరో 50 కిలోమీటర్లు వెళ్తే ఫ్రెడరిక్స్‌బర్గ్ వస్తాయి. పెడర్నాలెస్ అనే చిన్న నది ఆ దారికి దగ్గరగానే పారుతుంది. పీచ్ పండ్ల తోటలు, ద్రాక్ష తోటలు, గొర్రెల మందలు కనిపిస్తాయి. చీకటి పడ్డాక జింకలు రోడ్డుకు అడ్డం వస్తాయి కనుక నెమ్మదిగానే వెళ్లాలి. అలా నెమ్మదిగా వెళ్లడం కూడా మంచిదే. ఆ చీకటిని కాసేపైనా చూసినవాడికే తర్వాత వచ్చే వెలుగు విలువ తెలుస్తుంది.

జాన్సన్ సిటీ పేరులో సిటీ ఉంది కానీ, 2020 జనగణన ప్రకారం అక్కడ రెండు వేల మంది కూడా లేరు. ఊరి నడుమ 1916లో రాతితో కట్టిన కోర్టు భవనం ఉంది. దాని పైకప్పు నుంచి నేలదాకా దీపాల తోరణాలు దిగివస్తాయి. అక్కడికి దగ్గరలోనే విద్యుత్ సహకార సంఘం ప్రధాన కార్యాలయం ఉంది. దాని ఆవరణలోని చెట్లకు మొదలు నుంచి చిటారు కొమ్మ దాకా లక్షల దీపాలు చుడతారు. నవంబరు చివరి నుంచి కొత్త సంవత్సరం దాకా ఎవరైనా వెళ్లి వాటి మధ్య తిరగవచ్చు. మా మనవడు ఒక చెట్టు కింద వెల్లకిలా పడుకుని, ‘‘తాతా, స్టార్స్ ఇంత కిందికొచ్చేశాయేంటి?’’ అన్నాడు. నేనూ వాడి పక్కన కూర్చున్నాను. చాలా ఏళ్ల తర్వాత, దీని ఖర్చెంత అని లెక్కవేయకుండా ఒక అందాన్ని చూశాను.

ఇంత చిన్న ఊళ్లో, అదీ కరెంటు ఆఫీసు దగ్గర, ఇంత పండుగేమిటని అడిగాను. అల్లుడు చెప్పిన సంగతీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ నన్ను కదిలించాయి. 1930ల నడుమ అమెరికాలో పట్టణాలు విద్యుద్దీపాలతో ధగధగలాడుతుంటే, ప్రతి పది రైతు కుటుంబాల్లో దాదాపు తొమ్మిదింటికి కరెంటు లేదు. ఈ కొండసీమ మరీ వెనకబడినది. దూరదూరంగా విసిరేసినట్టున్న ఇళ్లకు తీగలు లాగితే లాభం రాదని విద్యుత్ కంపెనీలు ముఖం చాటేశాయి. అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ జీవిత చరిత్ర రాసిన రాబర్ట్ కేరో, 1982లో వెలువడిన మొదటి సంపుటంలో అక్కడి స్త్రీల కష్టాన్ని వివరంగా చెప్పాడు. బావి నుంచి నీళ్లు చేది, బిందెడు బిందెడుగా ఇంటికి మోయాలి. మండు వేసవిలో కట్టెల పొయ్యి మీద ఇస్త్రీ ఇనుములు కాచుకోవాలి. రాత్రిళ్లు కిరసనాయిలు దీపమే దిక్కు. నడివయసు దాటకముందే వాళ్ల నడుములు వంగిపోయేవి.

1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పింది. అయితే మైలుకు కనీసం మూడు ఇళ్లుంటేనే లైను వేయడానికి అప్పు ఇస్తామన్నది నిబంధన. కొండసీమలో అన్ని ఇళ్లు లేవు. 1937లో ఆ ప్రాంతం నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన యువకుడు జాన్సన్, ఆ నిబంధన సడలించమని రూజ్‌వెల్ట్ దాకా వెళ్లాడు. 1938లో రైతుల సభ్యత్వంతో విద్యుత్ సహకార సంఘం ఏర్పడింది. 1939లో ఆ పల్లెల్లో బల్బులు వెలిగాయి. జాన్సన్‌ను అన్ని విధాలా ఆదర్శపురుషుడని చెప్పడం నా ఉద్దేశం కాదు. అధ్యక్షుడిగా వియత్నాం యుద్ధాన్ని విస్తరించిన బాధ్యత ఆయనదే. కానీ ఆ ఒక్క పని మాత్రం చీకట్లో ఉన్నవాళ్లకు వెలుగైంది. ఇప్పుడు క్రిస్మస్‌కు చెట్లకు దీపాలు చుడుతున్నది నాటి ఆ సహకార సంఘమే.

మైలుకు మూడు ఇళ్లు! ఆ రాత్రి కారులో తిరిగివస్తుంటే ఆ లెక్కే నా చెవుల్లో మోగింది. ఆ లెక్క ప్రకారమైతే మొదటి క్రిస్మస్ వెలుగు బేత్లెహేము పొలాల్లో పడవలసింది కాదు. జనసంఖ్యే కావాలంటే యెరూషలేము ఉంది. అధికారమే కావాలంటే హేరోదు కోట ఉంది. కానీ రాత్రివేళ మందను కాచుకుంటున్న కొద్దిమంది గొర్రెల కాపరుల చుట్టూ ప్రభువు మహిమ ప్రకాశించింది (లూకా 2:8–9). వాళ్లు ఎందరని దేవుడు లెక్కపెట్టలేదు. తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభైతొమ్మిదింటిని విడిచివెళ్లే కాపరి లెక్క ఏ ఎస్టిమేట్‌కూ అందదు (లూకా 15:4).

ఆ దారిలో చివర వచ్చే ఫ్రెడరిక్స్‌బర్గ్‌ను 1846లో జర్మనీ నుంచి వలస వచ్చినవారు స్థాపించారు. మరుసటి ఏడు వాళ్లు ఎనిమిది మూలల భవనం ఒకటి కట్టుకున్నారు. వేర్వేరు శాఖల క్రైస్తవులు ఆ ఒక్క కప్పు కిందే ఆరాధించేవారు. పిల్లలకు బడీ అదే, ఊరి సభాస్థలమూ అదే. 1930లలో తిరిగి కట్టిన దాని నమూనా ఇప్పుడు ఊరి కూడలిలో ఉంది. క్రిస్మస్ దీపాలు వెలిగేది అక్కడే. ఒక్కో వీధిలో మూడేసి శాఖలుగా చీలి, పక్క చర్చి నక్షత్రం కన్నా మనది ఎత్తుగా ఉందా అని చూసుకునే మనకు ఆ ఒక్క కప్పు గుర్తుండాలి.

వేలాది దీపాలతో పండుగ చేసుకోవడం లోకరీతి అనుకునేవారు ఒక సంగతి గమనించాలి. పర్ణశాలల పండుగలో యెరూషలేము దేవాలయంలో, స్త్రీల ఆవరణలో ఎత్తయిన బంగారు దీపస్తంభాలు వెలిగించేవారని యూదుల మిష్నా గ్రంథం చెబుతోంది. పాతబడిన యాజకుల వస్త్రాలు చింపి వాటికి వత్తులు చేసేవారట. పట్టణంలో ఆ వెలుగు పడని ముంగిలే ఉండేది కాదట. ఆ వెలుగులో ఒక స్త్రీ గోధుమలు ఏరుకోగలిగేదని కూడా యూదుల సంప్రదాయం చెబుతోంది. దేవాలయంలో ప్రభువు తాను లోకానికి వెలుగునని ప్రకటించింది ఆ పండుగ నేపథ్యంలోనేనని చాలామంది బైబిలు పండితుల అభిప్రాయం (యోహాను 8:12). దేవాలయపు దీపాలు దేవాలయం కోసమే వెలగలేదు. పని చేసుకునే ఒక స్త్రీ చేటలో కూడా ఆ వెలుగు పడింది. మా ముసలమ్మ అడిగింది కూడా అంతే కదా!

కాబట్టి పండుగ వెలుగును చూసి ఆనందించడం పాపమేమీ కాదని నా అభిప్రాయం. కుటుంబంతో కలిసి నాలుగు ఊళ్లు తిరిగి చర్చిల దీపాలు చూసిరావడం, చిన్న ఊరి క్యారల్స్‌లో నిలబడి పాడటం, పిల్లవాడి కళ్లలో ఆ మెరుపు చూడటం దేవుడిచ్చిన సంతోషాలే. డిసెంబరు 25ను ఆచరించని విశ్వాసులు కూడా మనలో ఉన్నారు. దినాల విషయంలో ఎవరి మనస్సాక్షిని వారు అనుసరించాలని, ఒకరినొకరు తీర్పు తీర్చకూడదని పౌలు చెప్పాడు కనుక (రోమా 14:5–10) వారితో నాకు తగవు లేదు. అయితే న్యాయం లేని పండుగలను దేవుడు అసహ్యించుకుంటాడని ఆమోసు హెచ్చరించాడు (ఆమోసు 5:21–24). అలాగని ఆయన పండుగనే మానేయమనలేదు. తినండి, తాగండి, ఏమీ లేనివారికి భాగాలు పంపండి అనే అర్థంలో నెహెమ్యా చెప్పాడు (నెహెమ్యా 8:10). తన ధర్మశాస్త్రంలో దేవుడు పండుగ సంతోషంలో పరదేశికీ, తండ్రి లేనివారికీ, విధవరాలికీ పాలు పెట్టాడు (ద్వితీయోపదేశకాండము 16:14).

ఈ క్రిస్మస్‌కు లైటింగ్ కమిటీ కూర్చున్నప్పుడు ఎంత ఖర్చు అన్న ప్రశ్నతో పాటు మరొకటి కూడా వేసుకుందాం. ఆ వెలుగు ఎవరి ముంగిట పడుతోంది? తోరణం చర్చి గేటు దగ్గర ఆగిపోకుండా చీకటి సందు మలుపు దాకా సాగగలదా? కరెంటు స్తంభానికి దొంగ కొక్కెం తగిలించి ప్రభువు జన్మదినాన్ని వెలిగిస్తున్నామా, మీటరు నుంచి నిజాయితీగా తీసుకుంటున్నామా? మంచం దిగలేని పెద్దవాళ్లను ఒక సాయంత్రం ఆటో ఎక్కించి ఊరి నక్షత్రాలన్నీ చూపించే యువకులు మన సంఘంలో ఉన్నారా? దీపాలకు పెట్టవద్దని ఆపిన డబ్బు నిజంగా పేదల చేతికే వెళ్లిందా? ఈ చివరి ప్రశ్న ముందుగా పాస్టర్లు వేసుకోవాలి. నేను వేసుకున్నాను కనుక చెబుతున్నాను.

అమెరికా నుంచి వచ్చిన మరునాడే మా యువకులను పిలిచి క్షమాపణ అడిగాను. రెండు రోజుల్లో కొత్త నక్షత్రం చర్చి పైకెక్కింది. వాళ్లంతట వాళ్లే మరో పని కూడా చేశారు. మునిసిపాలిటీ చుట్టూ తిరిగి, అర్జీ పెట్టి, సందు చివర స్తంభానికి వీధి దీపం వేయించారు. నక్షత్రం జనవరిలో దిగిపోతుంది కానీ ఆ దీపం ఏడాది పొడవునా వెలుగుతుంది. మొదటిరోజు తెల్లవారుజామున ముసలమ్మ ప్రార్థనకు వచ్చింది. ఏమమ్మా, దారి కనబడిందా అని అడిగాను. ‘‘కనబడిందండీ. మా పక్కింటావిడ కూడా వస్తానందండి’’ అంది. చర్చికి ఎన్నడూ రాని ఆ పక్కింటావిడ వెనకాలే, గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తోంది.