రెండు కోట్ల అరవై లక్షల కూత

తెలుగు టైటాన్స్ అభిమానుల్ని కదిపితే ఇప్పటికీ ఒకే మాట వస్తుంది: రైడర్ పవన్ సెహ్రావత్‌కి అంత పోసి ఏం లాభం? 2023 అక్టోబరు వేలంలో టైటాన్స్ అతని మీద 2 కోట్ల 60 లక్షల 50 వేలు పెట్టింది. అప్పటికి ప్రో కబడ్డీలో ఏ ఆటగాడికీ అంత ధర పలకలేదు. ఆ పదో సీజన్లో టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. పన్నెండు జట్లలో అట్టడుగున నిలిచింది. విశాఖలో పోటీలంటే పనులు మానుకుని బయలుదేరే శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లకు ఇది సొంత జట్టు. వాళ్లకి కోపం రావడంలో తప్పేమీ లేదు. అయితే ఆ కోపం పడాల్సిన చోట పడలేదు.

ముందు పవన్ లెక్క చూద్దాం. బెంగళూరు బుల్స్‌లో ఉండగా ఆరో సీజన్లో 271 రైడ్ పాయింట్లు, ఏడులో 346, ఎనిమిదిలో 304 తెచ్చాడు. వరసగా మూడు సీజన్లు లీగ్ మొత్తానికీ అతనే టాప్ రైడర్. ఏడో సీజన్లో హర్యానా మీద ఒక్క మ్యాచ్‌లోనే 39 పాయింట్లు కొట్టాడు. టైటాన్స్‌కి వచ్చాక పదో సీజన్లో ఆ లెక్క రెండు వందల దగ్గర ఆగింది. తగ్గిన మాట నిజమే. అంతకుముందు ఏడాది తమిళ్ తలైవాస్ తరఫున మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజనంతా పోయిందని కూడా గుర్తుంచుకోవాలి. ఇంతా చేసి, రెండు వందల రైడ్ పాయింట్లు తెచ్చినవాణ్ణి ఏ జట్టూ ఫెయిలయ్యాడని అనదు. టైటాన్స్ గెలవలేదు కాబట్టి మనం అంటున్నాం.

కూతగాడొక్కడే మ్యాచ్ ఎందుకు గెలిపించలేడో మన ఊళ్లవాళ్లకి విడమరచి చెప్పాల్సిన పని లేదు. సంక్రాంతి పోటీలకి ఒక ఊరు పైఊరి నుంచి పేరున్న ఆటగాణ్ణి తెచ్చుకుంటుంది. మొదటి నాలుగైదు కూతలకీ ఈలలే ఈలలు. ఎదుటి జట్టు తెలివైనదైతే తొందరపడదు. అతను బోనస్ గీత మీద కాలు పెట్టే అలవాటు కనిపెట్టి, కార్నర్‌వాడు మోకాళ్ల మీద వంగి, సరిగ్గా ఆ కాలు దిగేచోట మడమ అందుకుంటాడు. పక్కనున్న ఇద్దరూ వచ్చి మీద పడతారు. ఇక ఆ పేరున్న ఆటగాడు గీత బయట కూర్చుని, మోచేతికి అంటిన మట్టి దులుపుకుంటూ మిగతావాళ్ల వంక చూడాల్సిందే. వాళ్లలో ఎవరో ఒకరు ముట్టి రావాలి, లేదా వచ్చినవాణ్ణి పట్టాలి. అప్పుడే అతను మళ్లీ లోపలికి వస్తాడు. బోనస్ పాయింటు తెచ్చినా మనిషి తిరిగి రాడు.

ప్రో కబడ్డీలోనూ ఇదే లెక్క. మ్యాచ్ 40 నిమిషాలు, కూతకి 30 సెకన్లు. అంటే ఒక్కో జట్టుకి నిమిషానికి దాదాపు ఒక కూత. ప్రధాన రైడర్ పది నిమిషాలు బయట కూర్చుంటే పది కూతలు పోయినట్టే. బెంగళూరులో పవన్ అవుటైతే రెండో వైపు నుంచి రోహిత్ కుమార్ కూతకెళ్లేవాడు, వెనక మహేందర్ సింగ్ కవర్‌లో నిలబడి పట్టేవాడు. వాళ్లున్నారు కనకనే పవన్ ఎక్కువసేపు మ్యాట్ మీద ఉన్నాడు, ఆరో సీజన్ టైటిల్ కూడా వచ్చింది. టైటాన్స్‌లో ఆ దన్ను లేదు. మూడో కూత తప్పనిసరిగా పాయింటు తేవాల్సినదైతే అదీ అతనే. ఎదుటి జట్టు ఏడుగురూ అతనొక్కడి కోసమే కాచుకుని ఉంటే ఎవరికైనా చేతికి చిక్కక తప్పదు.

దన్ను ఎందుకు లేదంటే డబ్బు లేక. పదో సీజన్‌కి ఒక్కో జట్టు ఖర్చుపెట్టగలిగిన మొత్తం 5 కోట్లు. అందులో సగానికి మించి ఒక్కడి మీదే పెట్టేశారు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. మిగిలిన సొమ్ముతో పదిహేడు మందిని సర్దుకోవాలంటే మంచి కార్నర్, మంచి కవర్ ఎక్కడి నుంచి వస్తారు?

అదే వేలంలో పుణెరి పల్టన్ ఇరాన్ ఆటగాడు మొహమ్మద్రెజా షాద్లూకి 2 కోట్ల 35 లక్షలు ఇచ్చింది. అదీ చిన్న మొత్తమేమీ కాదు. కానీ పుణె అప్పటికే అస్లాం ఇనాందార్, మోహిత్ గోయత్ లాంటి కుర్రాళ్లని తయారు చేసి పెట్టుకుంది. సిద్ధంగా ఉన్న జట్టులోకి షాద్లూని తెచ్చుకుంది. 2024 మార్చి 1న గచ్చిబౌలిలో, మన గడ్డ మీదే, కప్పు ఎత్తింది. ఇద్దరూ ఒకే వేలంలో అటూ ఇటుగా ఒకే ధరకి అమ్ముడుపోయారు. ఒకరి జట్టు మొదటి స్థానంలో, ఇంకొకరి జట్టు చివర. తేడా ఆ ఇద్దరిలో ఉందంటే నేను నమ్మను.

ఆ ఫైనల్లో ఓడిన హర్యానా జట్టులో సిద్ధార్థ్ దేశాయ్ ఉన్నాడు. 2019లో 1 కోటి 45 లక్షలిచ్చి ఆ ఏటి వేలంలోకెల్లా ఖరీదైన ఆటగాడిగా టైటాన్స్ కొన్నది అతన్నే. బాహుబలి అని పిలుచుకున్నాం. ఆ సీజన్లో రెండు వందలకి పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు, జట్టు పదకొండో స్థానంలో నిలిచింది. తర్వాత భుజం గాయమైంది, ధర పడిపోయింది, చివరికి వదిలేశారు. వెళ్లిన ఏడాదే ఫైనల్ ఆడాడు. ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు కలిపి టైటాన్స్ 66 మ్యాచ్‌లాడి ఐదు గెలిచింది. వాటిలో మొదటి రెండేళ్లూ పవన్ ఇక్కడ లేనే లేడు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి చంకన పెట్టుకుని పరిగెత్తే ఆటగాడికీ ఇదే కష్టం. 2018లో కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ జెయింట్స్ సాక్వాన్ బార్‌క్లీని రెండో పేరుగా ఎంచుకుంది. ముందు దారి తీసేవాళ్లు బలహీనంగా ఉంటే ఎంత వేగం ఉండి ఏం చేస్తాడు? గాయాలు, ఓటముల మధ్య ఆరేళ్లు గడిచాయి, అంత పై స్థానంలో తీసుకోవడం దండగన్నవాళ్లూ ఉన్నారు. 2024లో ఫిలడెల్ఫియాకి మారాడు. అక్కడ ముందు వరస గట్టిది. ఆ సీజన్లో 2,005 గజాలు పరిగెత్తాడు, సూపర్ బౌల్ గెలిచాడు.

పవన్‌కి పలికిన ధర కూడా అతను పెట్టుకున్నది కాదు. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అతని కెప్టెన్సీలో భారత్ ఇరాన్‌ని ఓడించి స్వర్ణం గెలిచింది 2023 అక్టోబరు 7న. ఆ వెంటనే వేలం. ఆ వేడిలో చెయ్యెత్తినవాళ్లది ఆ అంకె. ఆటగాడికి పారితోషికం దక్కాలి, అందులో నాకు అభ్యంతరం లేదు. ఆ పారితోషికాన్ని కొలబద్దగా పట్టుకుని ప్రతి మ్యాచ్‌లోనూ అతన్ని కొలవడమే అన్యాయం. టైటాన్స్ కెప్టెన్‌గా పవన్‌కి ఆ ఓటముల్లో వాటా ఉంది. జట్టు కొన్నవాళ్ల వాటా అంతకంటే చాలా ఎక్కువ.

ఆ తర్వాత జరిగినవి కూడా అదే చెబుతున్నాయి. పదకొండో సీజన్లో పవన్ గాయపడి బయట కూర్చున్నప్పుడు విజయ్ మాలిక్ భారమెత్తుకున్నాడు. జట్టు 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానానికి వచ్చింది. 2025లో పవన్‌ని వదులుకున్నారు, తలైవాస్ 59 లక్షల 50 వేలకి తీసుకుంది. ఆగస్టు 29న విశాఖలో ఆ జట్టు కెప్టెన్‌గా మన మీదే కూతకొచ్చి 38-35తో గెలిచి వెళ్లాడు. అయినా ఆ సీజన్లో టైటాన్స్ ప్లేఆఫ్స్ చేరింది, రెండు కోట్ల ఆటగాడంటూ ఎవరూ లేకుండానే. విజయ్, భరత్ హుడా ఇద్దరూ కూతలు పంచుకున్నారు.

ఇక మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల సంగతి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్న లాంటి కోచ్ ఉన్నాడు కాబట్టి వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరి సిడ్నీ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. నెల్లిమర్ల మండలం కొండవెలగాడలో బరువులెత్తే పిల్లలు తరం తర్వాత తరం వస్తున్నారు కాబట్టి మత్స సంతోషి కామన్వెల్త్ పతకం తెచ్చింది. కబడ్డీకి ఇక్కడ కాళ్లూ ఉన్నాయి, దమ్మూ ఉంది, సంక్రాంతికి నిండే మైదానాలూ ఉన్నాయి. కానీ మట్టిలో ఉత్తి కాళ్లతో ఆడినవాడికి బూట్లేసుకుని మ్యాట్ మీద తిరగడం కొత్త, సెలక్షన్లకి వెళ్లిన మొదటి రోజే వెనకబడిపోతాడు. తెలుగు పేరు పెట్టుకున్న జట్టు ఏటా వేసవిలో విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో రెండు వారాల శిబిరం పెట్టి, మ్యాట్ వేసి, పద్దెనిమిదేళ్ల లోపు కుర్రాళ్లని పిలవాలి. వాళ్లలో ఇద్దరు కార్నర్లు, ఒక కవర్ దొరికినా చాలు. వచ్చే వేలంలో పేరున్న రైడర్ మీద ఎంత పెట్టాలన్నది ఆ తర్వాత ఆలోచించవచ్చు.