గది అద్దె దండుగ కాదు



పోయిన నెలలో నేనూ మా ఆవిడా విశాఖపట్నం వెళ్ళి వచ్చాము. పెళ్ళి కాదు, పేరంటం కాదు, పరామర్శ కాదు, మొక్కుబడి అంతకన్నా కాదు. ఊరికే వెళ్ళాము. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో పనిలేకుండా ఒక ఊరికి వెళ్ళడం మాకిదే మొదటిసారి. శని, ఆదివారాలు రెండు రోజులకూ ఇద్దరికీ కలిపి అయిన ఖర్చు 3,690 రూపాయలు.

ఆ లెక్క విన్న మిత్రుడొకరు, "అంతా బాగానే ఉంది మాస్టారూ, విశాఖలో మీ పినతండ్రిగారి అబ్బాయి ఇల్లుండగా గదికి పధ్నాలుగు వందలు పొయ్యడమేమిటి? శుద్ధ దండుగ!" అన్నారు. ఆ మాటకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. పంతుళ్ళకు జవాబులు ఆలస్యంగా తోచడం మామూలే. ఇదిగో, ఇప్పుడు వ్రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తక్కువ ఖర్చులో భార్యాభర్తలు నాలుగు రోజులు ఎక్కడికైనా వెళ్ళదలచుకుంటే, రైలులో పొదుపు చెయ్యండి, బస్సులో చెయ్యండి, తిండిలో చెయ్యండి. గది అద్దెలో మాత్రం చెయ్యవద్దు. బంధువుల ఇంట్లో దిగవద్దు.

ఎందుకో చెప్పాలంటే 1991 వేసవి సెలవులకు వెళ్ళాలి. అప్పటికి మా అబ్బాయికి మూడేళ్ళు. అదే తమ్ముడింట్లో దిగి నాలుగు రోజులున్నాము. నేను రోజూ సాయంత్రం తమ్ముడితో కలిసి సముద్రపుటొడ్డుకు వెళ్ళాను. సింహాచలం వెళ్ళాను, భీమిలి వెళ్ళాను. రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు, శ్రీశ్రీ తిరిగిన వీథులని ఆ వీథులన్నీ తిరిగాను. తిరిగి వచ్చాక బడిలో తోటి ఉపాధ్యాయులకు "మేము విశాఖ చూశాము" అని నెల రోజులు చెప్పాను.

ఈసారి ప్రయాణం తలపెట్టినప్పుడు మా ఆవిడ ఒక్కటే అడిగింది. "ఎవరింట్లో దిగుతామండీ?"

"తమ్ముడింట్లోనే. వేరే ఎక్కడికి?"

"అయితే మీరు వెళ్ళి రండి. పోయినసారి నేను సముద్రాన్ని వాళ్ళ మేడ మీదినుంచి చూశాను. వడియాలు ఎండబెడుతూ చూశాను. అది చాలు."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నది. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పినవాణ్ణి, అంతకాలంగా "మేము చూశాము" అంటూ ఏకవచనం వాడవలసిన చోట బహువచనం వాడుతున్నానని నాకా పూట తెలిసింది.

ఇందులో ఆ ఇంటివారి తప్పు ఇసుమంత కూడా లేదు. ఎంతో ఆదరంగా చూశారు. "నువ్వు కూర్చో అక్కా" అని మా మరదలు పదిసార్లు అనే ఉంటుంది. కాని ఒక ఆడమనిషి చెమటలు కక్కుతూ పదిమందికి వండుతుంటే ఇంకొక ఆడమనిషి ముందుగదిలో కూర్చోలేదు. కూర్చోగలిగినా, కూర్చున్నదని తర్వాత నలుగురూ చెప్పుకుంటారు. మగవాడికి చుట్టరికం అంటే కాఫీ, దినపత్రిక, పడకకుర్చీ. ఆడవారికి చుట్టరికం అంటే ఇంకొకరి వంటయింట్లో పోపులపెట్టె ఎక్కడుందో వెతుక్కోవడం. ఇంటి చాకిరీ నుంచి నాలుగు రోజులు తప్పించుకుందామని బయలుదేరి, మరో ఇంటి చాకిరీలో చేరడానికి రైలు టిక్కెట్టు ఎందుకు?

కనుక ఈసారి గది తీసుకున్నాము. మిగిలినవాటిలో ఎలా పొదుపు చేశామో వింటే మీకు ఉపయోగపడవచ్చు.

శనివారం ఉదయం బెజవాడలో రత్నాచల్ ఎక్కాము. రెండో తరగతి కూర్చునే పెట్టె. 2020 మార్చిలో వృద్ధుల రాయితీ ఆగిపోయింది గనుక పూర్తి ధరే ఇచ్చాము. అయినా తలకు రెండు వందలు దాటలేదు. మేము రిటైరైనవాళ్ళమైనా శని, ఆదివారాలే ఎందుకంటే, కొడుకూ కోడలూ ఉద్యోగస్తులు. మిగిలిన అయిదు రోజులూ మనవడి బాధ్యత మా ఆవిడది. నాకు పదవీ విరమణ జరిగింది. ఆమెకు జరగలేదు.

దారికి పులిహోర కట్టుకుంటే నూటయాభై రూపాయలు మిగిలేవి. ఇదివరకైతే కట్టించేవాణ్ణే. కాని దానికోసం ఆమె తెల్లవారుజామున మూడింటికి లేవాలి. అందుకని స్టేషనులో ఇడ్లీ కొన్నాము. ఆమె చేతి కష్టంతో మిగిలే రూపాయిని పొదుపు అని వ్రాసుకోవడం నేను మానేశాను.

మధ్యాహ్నానికి విశాఖ చేరి, జగదాంబ కూడలి దగ్గరి సందులో గదిలో దిగాము. ఫ్యాను, మంచం, శుభ్రమైన స్నానాలగది. అంతే. ఊళ్ళో తిరగడానికి సిటీ బస్సులు. 2025 ఆగస్టు 15న మొదలైన పథకం పుణ్యమా అని కండక్టరు ఆమెకు సున్నా టిక్కెట్టు, నాకు డబ్బు టిక్కెట్టు కొట్టి ఇచ్చాడు. ఆమె ఆ సున్నా టిక్కెట్టును మడిచి పర్సులో దాచుకుంది.

సాయంత్రం రామకృష్ణా బీచి దగ్గర ఐ.ఎన్.ఎస్. కురుసుర చూశాము. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన జలాంతర్గామి అది. 2002లో ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. అందరూ టార్పెడోల దగ్గర ఆగితే మా ఆవిడ వంటగది దగ్గర ఆగింది. డెబ్బైమందికి పైగా మనుషులకు అంత చిన్న గదిలో వండిపెట్టారంటే ఆమెకు నమ్మశక్యం కాలేదు. "వండినవాడికి సముద్రం కనబడేది కాదు కదండీ" అన్నది. నేను మాట్లాడలేదు. తర్వాత చీకటి పడేదాకా ఇసుకలో కూర్చుని మూరీ మిక్చరు తిన్నాము.

విశాఖ తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచే పైకి వస్తాడు. ఆదివారం ఆ సూర్యోదయం ఆమెకు చూపించాలని నా సంకల్పం. అయిదింటికే లేచాను. ఆమె నిద్రపోతోంది. లేపబోయి ఆగాను. మా ఇంట్లో నేను లేచేసరికి ఆమె పడుకుని ఉండడం, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, నాకు జ్ఞాపకం లేదు. పొయ్యి మీద పాలు లేవు, కుక్కరు కూత లేదు, తలుపు తట్టేవారు లేరు. ఏడున్నరకు తనంతట తాను లేచి, కిటికీలో ఎండ చూసి, "అయ్యో, సూర్యోదయం పోయిందే!" అన్నది. "రేపూ వస్తుందిలే" అన్నాను. పధ్నాలుగు వందలకూ నేను కొన్నది ఆ రెండున్నర గంటల నిద్ర. తమ్ముడింట్లో అయితే ఎంత డబ్బిచ్చినా అది దొరికేది కాదు.

తర్వాత గది ఖాళీ చేసి, సంచి చేత పట్టుకొని, సముద్రం ప్రక్కగా పోయే బస్సులో భీమిలి వెళ్ళాము. దారిలో తొట్లకొండ చూపించాను. రెండువేల ఏళ్ళనాటి బౌద్ధ విహారాలున్న కొండ అది. రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. 'విహారము' అనే మాటకు తిరగడమనీ అర్థమే, భిక్షువులు నివసించే చోటనీ అర్థమే. ఏడాది పొడుగునా తిరిగే భిక్షువులు వానకాలం మూడు నెలలూ ఒకచోట నిలిచేవారు. ఇన్నాళ్ళూ నాకు మొదటి అర్థమే విహారంగా తోచింది. రోజంతా కాళ్ళ మీద నిలబడేవారికి రెండవదే అసలు అర్థమేమో! భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసి, డచ్చివారి సమాధుల మధ్య కాసేపు తిరిగి వెనక్కి వచ్చాము.

తమ్ముడు నొచ్చుకోడా అంటారేమో. సాయంత్రం బందరు లడ్డూలతో వాళ్ళింటికీ వెళ్ళాము. గంటసేపు కూర్చున్నాము. మరదలు ఈసారి కాఫీ ఇచ్చి మా ఆవిడ ప్రక్కనే కూర్చున్నది. మాకు భోజనాలు వండే పని లేదు గనుక ఆమెకూ కూర్చునే తీరిక దొరికింది. బంధుత్వం పలచబడలేదు. గది అద్దె ఇద్దరాడవారికి విశ్రాంతినిచ్చింది.

ఇది మన సంప్రదాయం కాదని కొందరంటారు. యాత్రికుడు గృహస్థుకు భారం కాకూడదనే కదా పెద్దలు దారి పొడుగునా సత్రాలు కట్టించారు? ఇక మనం కొలిచే డొక్కా సీతమ్మగారి కథ చూడండి. ఆమె ఒకసారి అంతర్వేది తీర్థానికి బయలుదేరి, ఆకలితో తన ఇంటికే వస్తున్న బాటసారుల మాటలు దారిలో చెవిన పడి, ప్రయాణం మాని వెనుదిరిగారని చెబుతారు. ఏళ్ళ తరబడి ఈ కథను తరగతిలో కన్నీళ్ళతో చెప్పాను. ఆ తల్లికి చేతులెత్తి నమస్కరిస్తాను. అయితే ఆమె ఇష్టపడి చేసిన త్యాగాన్ని మనం ప్రతి ఇంటి ఆడదానికీ నియమంగా మార్చామని ఇప్పుడు అనిపిస్తోంది. దారిలోంచి వెనుదిరిగే స్త్రీనే మెచ్చుకోవడం నేర్చుకున్నాము. ఆమెను దేవుని తీర్థానికి పంపి, ఆ పూట గరిటె మనం పట్టుకోవాలన్న ఊహ ఏ తరగతిలోనూ నేను పిల్లలకు చెప్పలేదు.

పధ్నాలుగు వందలు అందరి దగ్గరా ఉండవు, నిజమే. నా పింఛనుకూ అది చిన్న మొత్తమేమీ కాదు. అలాంటప్పుడు రెండు రోజులకు బదులు ఒక్కరోజు వెళ్ళి రండి. దగ్గరి ఊరికి వెళ్ళండి. దేవస్థానం సత్రంలో దిగండి. సగం రోజు సముద్రం చూసినా ఫరవాలేదు, ఆమె కూడా చూడాలి.

ఆదివారం రాత్రి బండెక్కి సోమవారం తెల్లవారకముందే బెజవాడలో దిగాము. ఏడింటికల్లా ఆమె మనవడికి బడి డబ్బా సర్దుతోంది. నేను ఉల్లిపాయలు తరిగాను. చాలా లావుగా తరిగానన్నది.

వేసవి ముదరకముందే ఒకసారి కాకినాడ వెళ్దామంటోంది. అక్కడ పన్నెండు, పదమూడు వందల్లో శుభ్రమైన గది తెలిసిన మిత్రులు దయచేసి క్రింద వ్యాఖ్యలో చెప్పండి. మా ఇంటికి రమ్మని మాత్రం పిలవకండి.

సెలవు.