వలదు అంటే కుడి

పుదుచ్చేరి ఇందిరాగాంధీ కూడలి నుంచి విలియనూరు వైపు సాగే రోడ్డులో రెడ్డియార్‌పాళయం దాటితే మూలకుళం. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక ప్రభుత్వోద్యోగి కుటుంబం అక్కడ అద్దెకుంటోందనుకుందాం. చూడ్డానికొచ్చిన తండ్రికి పక్షవాతం. కుడికాలు, కుడిచెయ్యి పడిపోయాయి. సమయానికి ఆసుపత్రికి చేర్చడంతో ప్రాణం దక్కింది. డిశ్చార్జి కాగితంలో ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, ఎన్నాళ్లు వాడాలో వివరంగా ఉంది. చిట్టచివర మాత్రం ఒకే ఒక్క మాట: ఫిజియోథెరపీ. ఎక్కడ, ఎవరి దగ్గర, ఎన్నాళ్లు అన్నది ఇంటివాళ్లే తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి వ్యవధి తక్కువ. పక్షవాతం నుంచి కోలుకోవడంలో ఎక్కువ భాగం తొలి మూడు నెలల్లోనే జరుగుతుంది. తర్వాత ఆగిపోదు గానీ నెమ్మదిస్తుంది. ఆయుష్మాన్ భారత్ పథకం డిశ్చార్జి తర్వాత చూసుకునేది 15 రోజుల ఖర్చే. మిగతా 75 రోజులు జేబు మీదే.

అందుకే మొదట అడిగేది దూరం. వారానికి మూడుసార్లు, ఆరు వారాలంటే 18 రోజులు, రానూపోనూ 36 ఆటో ప్రయాణాలు. పట్టుకుని ఎక్కించేవాళ్లు ఆ పూట సెలవు పెట్టాలి. గోరిమేడులోని జిప్మర్‌లాంటి ప్రభుత్వాసుపత్రిలో చికిత్సకు ఖర్చు తక్కువే, కానీ అక్కడికి వెళ్లిరావడమే ఖర్చు. దాంతో వీధి చివరి క్లినిక్కో, ఇంటికొచ్చే మనిషో ఖాయమవుతారు. అది తప్పుడు లెక్కేమీ కాదు. పది రోజులకే మానేసే గొప్ప కేంద్రం కంటే ఆరు వారాలూ వెళ్లగలిగే మామూలు కేంద్రమే మేలు.

తర్వాత పనిచేసేది పరిచయం. ఆపరేషన్ చేసిన సర్జన్ చెప్పిన పేరో, మోకాలు మార్పించుకున్న పక్కింటావిడ చెప్పిన పేరో చాలు. సర్జన్ సిఫారసుకు విలువ లేదనలేం. అయితే రోగిని పంపినందుకు కమిషన్ తీసుకోవడాన్ని 2002 నాటి వైద్య నైతిక నియమావళి నిషేధించిందంటేనే ఆ అలవాటు కొత్తది కాదని అర్థం. ఇంకెవరైనా ఉన్నారా అని సర్జన్‌ను అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

అన్నిటికన్నా బలమైన ఆకర్షణ యంత్రానిది. ఫిజియోథెరపీ అంటే చాలామందికి ‘కరెంటు పెట్టించుకోవడం’. తీగలు తగిలించి చిమచిమలాడిస్తేనే చికిత్స జరిగినట్టు. కుర్చీలోంచి ఇరవైసార్లు లేచి కూర్చోమంటే ‘ఈ మాత్రానికి డబ్బులెందుకు’ అన్న సణుగుడు. నడుంనొప్పికి అల్ట్రాసౌండ్, టెన్స్, ఇంటర్‌ఫెరెన్షియల్ కరెంటు ఇవ్వొద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లోనే మార్గదర్శకాల్లో రాసింది, వ్యాయామానికి మాత్రం ఓటేసింది. మన దగ్గర అద్దాల గదిలో యంత్రాల వరుస చూశాకే నమ్మకం కుదురుతుంది.

అసలు చదువు సంగతి అడిగేవాళ్లు అరుదు. బీపీటీ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల డిగ్రీగా నడిచిన కోర్సు. కొద్ది నెలల శిక్షణతో మసాజ్ నేర్చినవాళ్లూ అదే బోర్డు పెట్టుకోగలగడానికి కారణం దేశవ్యాప్త రిజిస్టరు లేకపోవడం. ఆ లోటు తీర్చాలని 2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. రాష్ట్రాలు కదలకపోవడంతో రెండు నెలల్లో అమలు చేయాలని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. బ్రిటన్‌లో ఎవరైనా పేరు కొట్టి థెరపిస్టు నమోదును సరిచూసుకోవచ్చు. ఇక్కడ రగడంతా పేరు ముందు ‘డాక్టర్’ గురించే. ఫిజియోథెరపిస్టులు ఆ మాట వాడరాదని 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ రాసి, మర్నాడే వెనక్కి తీసుకుంది. రోగి చూడాల్సింది పేరు వెనక ఉన్న బీపీటీ, ఎంపీటీ అక్షరాలు.

ఇక ఆక్యుపేషనల్ థెరపీ పేరైనా చాలా ఇళ్లకు తెలియదు. ‘రిటైరైన మనిషికి ఆక్యుపేషన్ ఏమిటి’ అనుకుంటారు. 1950లో కమలా నింబ్కర్ బొంబాయిలో దీనికి స్కూలు పెట్టినా పరిస్థితి ఇదీ. కాలు నడిపించడం ఫిజియోథెరపిస్టు పనైతే, చొక్కా గుండీ పెట్టుకోవడం, చెంబు పట్టుకోవడం, అన్నం కలుపుకోవడం మళ్లీ నేర్పేది వీళ్లు. ఆ యానాం పెద్దాయనకు కావలసింది ఇదే. కోడలు ముద్దలు కలిపి పెడుతుంటే తల తిప్పుకునే మనిషికి నడక ఒక్కటే సరిపోదు.

దూరం, ఫీజు, చదువు చూసినా మిగిలే ప్రశ్న ఇంకోటుంది. కుడివైపు పడిపోయిందంటే దెబ్బ మెదడు ఎడమ భాగానికి. చాలామందిలో భాష ఉండేదీ అక్కడే. మాట అర్థం చేసుకోవడమే కష్టమైన మనిషికి మూలకుళంలో ఆదేశాలన్నీ తమిళంలో వస్తాయి. తమిళంలో ‘వలదు’ అంటే కుడి. పాత తెలుగులో వద్దని. థెరపిస్టు కుడిచెయ్యి ఎత్తమంటుంటే ఆయన ఎత్తకుండా కూర్చుంటే, అది కండరాల లోపమా, అర్థంకాకనా అని ఎవరు తేల్చాలి?

అందుకే ఇలాంటి కుటుంబాల్లో అసలు చర్చ ఏ క్లినిక్ అన్నది కాదు, ఏ ఊరు అన్నది. యానాం 800 కి.మీ.లకు పైగా దూరం. కానీ అక్కడికి సుమారు 30 కి.మీ.లో కాకినాడ ఉంది, చుట్టూ తెలుగు ఉంది. ప్రయాణానికి డాక్టరు అనుమతిచ్చేదాకా ఇక్కడే ఉండక తప్పదు. ఈలోగా కొడుకు చేయగలిగినవి రెండు. థెరపిస్టు పక్కన కూర్చుని ప్రతి ఆదేశాన్నీ తెలుగులో చెప్పడం ఒకటి. ఏ వ్యాయామం ఎన్నిసార్లు, ఇప్పటికి ఎంతవరకు వచ్చిందన్నది కాగితం మీద రాయించుకోవడం రెండోది. కాకినాడలో కొత్త థెరపిస్టు మొదటిరోజు అడిగేది ఆ కాగితమే.