పురమందిరం నిలిచింది... తీరానికి వేదిక ఏది?

కృష్ణపట్నం: ఓడరేవు వచ్చింది. నేలటూరులో శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రం 800 మెగావాట్ల యూనిట్లు మూడింటితో వెలిసింది. కృష్ణపట్నం తీరానికి తరలివచ్చిన పెట్టుబడుల లెక్క వేల కోట్లలో ఉంది. ఆ లెక్కలో నాటకానికో, హరికథకో ఒక వేదిక అన్న ఊసు మాత్రం వినిపించదు. అందుకు పాతిక కిలోమీటర్ల దూరంలోని నెల్లూరు పురమందిరం వైపే చూడవలసి వస్తోంది.

నెల్లూరు నాటకానికి పుట్టినిల్లు కాకపోయినా మెట్టినిల్లని చెప్పుకోవచ్చు. వేదం వేంకటరాయశాస్త్రి 1899లో ఇక్కడ ఆంధ్ర భాషాభిమాని సమాజాన్ని నెలకొల్పి నాటకాలు ఆడించారు. అంతకు రెండేళ్ల ముందే, 1897లో, ఆయన 'ప్రతాపరుద్రీయం' వెలువడింది. రాజు రాజులాగ, చాకలి పేరిగాడు చాకలిలాగ మాట్లాడాలన్న పాత్రోచిత భాషా వాదం నాటి పండితులకు మింగుడుపడలేదు. జనం మాత్రం ఆదరించారు. ఆశ్చర్యమేమిటంటే, వ్యావహారిక భాషోద్యమాన్ని ఎదిరించిన వారిలో ఆ శాస్త్రిగారే ముందు నిలిచారు!

ఈ వాతావరణంలోనే, 1910ల దశకంలో, బుచ్చిరెడ్డిపాళెం దాత రేబాల లక్ష్మీనరసారెడ్డి విరాళంతో పురమందిరం రూపుదిద్దుకొంది. పట్టణ ప్రజలు దానిని టౌన్‌హాలు అనే పిలుచుకొంటున్నారు. పద్యనాటకాలు, సాహిత్య సభలు, రాజకీయ సమావేశాలు అన్నింటికీ అదే నెలవయింది. సూళ్లూరుపేట సమీపంలోని మంగళంపాడులో 1921లో జన్మించిన ఆచార్య ఆత్రేయ 'ఎన్.జి.వో.' వంటి నాటకాలతో పేరు తెచ్చుకొన్న తరువాతే సినిమా రంగానికి వెళ్లారు. రంగస్థలం నుంచి వెండితెరకు దారి తీసిన తరం అది.

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో విడుదలైంది. సురభి నాటకాన్నే తెరకెక్కించిన ఆ చిత్రంతో నాటకానికి గట్టి పోటీ మొదలైంది. ఊరూరా డేరా టాకీసులు, ఆ పైన పక్కా హాళ్లు వెలిశాయి. నాటకాన్ని వెనక్కు నెట్టిన ఆ హాళ్లే ఇప్పుడు ఒక్కొక్కటిగా కనుమరుగవుతున్నాయి. 2020 మార్చిలో కరోనాతో మూతపడిన హాళ్లకు 2021 ఏప్రిల్‌లో వెలువడిన జీవో 35 మరో దెబ్బయింది. గ్రామ పంచాయతీల్లోని ఏసీ లేని హాళ్లలో టిక్కెట్టు ధర 5, 10, 15 రూపాయలని అందులో నిర్ణయించారు. 2022 మార్చిలో జీవో 13తో ధరలు సవరించారు గానీ ఆలోగా కొందరు యజమానులు చేతులెత్తేశారు. మరోవైపు నాటి నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట వద్ద 2019 ఆగస్టులో భారీ తెర మల్టీప్లెక్సు ప్రారంభమైంది. సొంత వాహనమున్నవారు అక్కడికి వెళ్లగలరు, లేనివారి మాటేమిటి?

యాజమాన్యంలోనే తేడా

హాళ్లు మూతపడుతుండగా పురమందిరం నిలవడానికి కారణం గోడల గట్టితనం కాదు. ప్రైవేటు హాలు వసూళ్ల మీద బతుకుతుంది. వసూళ్లు తగ్గిన నాడు దాని కింది స్థలం విలువే యజమానికి ఎక్కువగా కనిపిస్తుంది. కల్యాణ మండపమో, దుకాణ సముదాయమో అవుతుంది. పురమందిరం అలా కాదు. ఊరికి ఇచ్చిన ఆస్తి కనుక అమ్ముకొనే హక్కుదారు లేడు. మరమ్మతులకు నిధులడగాలన్నా, అద్దె తగ్గించమని కోరాలన్నా ప్రజలకు అధికారముంది.

దాతల కాలం పోయిందనేవారు 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్‌ను చూడాలి. దాని పరిధిలోకి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఏడవ షెడ్యూలులో కళలు, సంస్కృతి, చారిత్రక కట్టడాల పునరుద్ధరణ కూడా ఉన్నాయి. తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలనీ ఆ సెక్షనే చెబుతోంది. కృష్ణపట్నం రేవు 2008లో ప్రారంభమైంది. 2021 నాటికి అదానీ సంస్థ దానిని పూర్తిగా చేజిక్కించుకొంది. భూములిచ్చిన గ్రామాలు, మత్స్యకార పల్లెలు రోడ్లు, నీరు, వైద్యం ముందు అడుగుతాయి. అది న్యాయమే. వాటితోపాటు ముత్తుకూరు మండలంలో పంచాయతీ పేరిట ఒక చిన్న రంగమందిరం కావాలని కోరితే చట్టం అడ్డుచెప్పదు. కట్టించాక నిర్వహణ ఎవరిదన్నది, అద్దె ఎంతన్నది ఒప్పందంలోనే రాసుకోవాలి. లేకుంటే అది కూడా తాళం వేసిన మరో సామాజిక భవనం అవుతుంది.