బయాప్సీ కాగితంతో విశ్వాసాన్ని తూచకండి



అల్లపల్లి నుంచి సిరొంచ దాకా మన సంఘాల్లో ఇలాంటి సాక్ష్యం వింటూనే ఉంటాం: “అక్కకు గర్భసంచి ముఖద్వార క్యాన్సర్. కరెంటు పెట్టించుకుంది. ప్రభువు ముట్టాడు, బాగైంది.” అందరం చప్పట్లు కొడతాం. అదే కరెంటు పెట్టించుకున్న ఇంకో అక్కకు ఏడాది తిరక్కుండా జబ్బు తిరగబెడితే మాత్రం “విశ్వాసం చాల్లేదు”, “దాచిన పాపం ఏదో ఉంది” అని గుసగుసలు. అలాంటి ప్రార్థనలకు నేనూ ఆమేన్ చెప్పినవాణ్నే. ఈ రోజు ఒప్పుకుంటున్నాను. అది పొరుగువాని మీద పలికిన అబద్ధ సాక్ష్యం.

ఆ ఇద్దరి జబ్బూ ఒకటే కాకపోవచ్చు. ఈ క్యాన్సర్‌లో ఎక్కువ భాగం స్క్వామస్ రకం. ఇది ముఖద్వారం పైపొర కణాల్లో పుడుతుంది, సాధారణంగా రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. రెండోది అడినోకార్సినోమా. లోపలి గొట్టంలోని గ్రంథి కణాల్లో పుడుతుంది. అందుకే కంటితో చూసే పరీక్షకు, ఒక్కోసారి పాప్ పరీక్షకు కూడా దొరకదు. రేడియేషన్‌కు నెమ్మదిగా కరుగుతుంది. ముదిరిన దశలో స్క్వామస్ కంటే దీని ఫలితాలు తక్కువగా ఉన్నాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఇది కణం స్వభావం. ఆమె ప్రార్థన లోపం కాదు.

స్క్వామస్ అయినా తేలిక కాదు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 3బి దశలో ఉన్న 850 మంది స్త్రీల మీద చేసిన పరిశోధన 2018లో వెలువడింది. అందరిదీ స్క్వామస్ రకమే. రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ మందు ఇచ్చినవారిలో ఐదేళ్ల తర్వాత బతికున్నది 54 శాతం. రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారిలో 46 శాతం. అంత పెద్ద ఆసుపత్రిలోనే దాదాపు సగం మంది దక్కలేదు. వాళ్లందరికీ విశ్వాసం లేదందామా?

ఇక మన ప్రాంతం సంగతి. నాగపూర్ వెళ్లినా, హైదరాబాద్‌లోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి వెళ్లినా వందల కిలోమీటర్లు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు బయటి రేడియేషన్, ఆపైన లోపలి రేడియేషన్. అంతా ఎనిమిది వారాల్లో ముగియాలి. మధ్యలో రోజులు పోతే క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. ఒంట్లో రక్తం తక్కువైతే గడ్డకు ప్రాణవాయువు అందక రేడియేషన్ పనితనమూ తగ్గుతుంది. కూలి పోతుందని, పిల్లల్ని చూసేవారు లేరని, బస దొరకలేదని మధ్యలో తిరిగొచ్చిన తల్లిది అవిశ్వాసమా, మన నిర్లక్ష్యమా?

“తిరుగుళ్ల రోగం” అనే నోళ్లూ మూతపడాలి. ఎక్కువ కేసులకు కారణమైన హెచ్‌పీవీ వైరస్ చాలా సామాన్యమైనది. భర్త ఒక్కణ్నే ఎరిగిన ఇల్లాలికీ సోకుతుంది. ఆ వైరస్‌తో సంబంధమే లేని అరుదైన గ్రంథి రకం కూడా ఉంది. అది రేడియేషన్‌కు మరీ లొంగదు. ఇప్పుడు ఏ పాపం వెతుకుతారు?

సంఘ కాపరులారా, స్వస్థత కూటాల షామియానాకు పెట్టే ఖర్చులో కొంత ఒక అక్క ఎనిమిది వారాల బసకు, అన్నానికి ఇవ్వండి. యవనస్థులారా, వంతులవారీగా తోడు వెళ్లండి. బయాప్సీలో ఏ రకం వచ్చిందో, ఏ దశో, రక్తం ఎంతుందో డాక్టరును అడిగి రాసుకోండి. స్త్రీల సమాజాలు ముప్పై దాటిన అక్కలకు హెచ్‌పీవీ పరీక్ష కావాలని ప్రభుత్వ ఆసుపత్రిని అడగాలి. ఇదే మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో ఒక్కసారి చేసిన ఆ పరీక్షతో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లోనే తేలింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు టీకా వేయించండి.

పుట్టుగుడ్డివాణ్ని చూసి, పాపం ఎవరిదని శిష్యులు అడిగారు. యేసు ఆ ప్రశ్ననే తోసిపుచ్చి, వాని కళ్లకు బురద పూసి పనిలోకి దిగాడు. మనం ఇంకా ఆ పాత ప్రశ్న దగ్గరే నిలబడి ఉన్నాం. ఈలోగా నాగపూర్ బస్సు ఎక్కే అక్క ఒంటరిగా ఎక్కుతోంది.