సంపాదకుని మాట: ఎఱ్ఱబురద, సిమెంటు

బాక్సైటును కాస్టిక్ సోడా ద్రావణమున ఉడికించి అల్యూమినాను వేఱుచేయు శుద్ధికర్మాగారములయందు, టన్ను అల్యూమినాకు రమారమి టన్ను మొదలు టన్నున్నర వఱకు ఎఱ్ఱని బురద మిగులుచున్నది. మన పొరుగుననే, కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలో, ఇట్టి బురదను నిలువజేయు చెఱువు కలదు. అట్టి చెఱువుగట్టు తెగినచో నేమగునో, 2010 అక్టోబరు 4వ తేదీన హంగరీ దేశమున అయ్‌కా పట్టణసమీపమున పొంగిన బురద పదిమందిని బలిగొన్నపుడు లోకమెల్ల చూచినది.

ఈ బురదలో ఇనుము, అల్యూమినియముల ఆక్సైడులు సమృద్ధిగా నున్నవి. సిమెంటు బట్టీలో సున్నపురాయి క్లింకరుగా మాఱుటకు తోడు కావలసినవియు నవియే గనుక, ముడిపొడిలో కొద్దిశాతము దీనిని చేర్చినచో, వానికై వాడు లేటరైటు రాతి త్రవ్వకము కొంత తగ్గును. అయితే బురదయందు మిగిలిన సోడా ఉపేక్షింపరానిది: అది మితిమీఱినచో, కాంక్రీటులోని కొన్ని రకముల కంకరయందలి సిలికాతో కలిసి, తేమను పీల్చి యుబ్బు జిగురుపదార్థమై, ఏండ్లు గడచిన పిమ్మట కట్టడమును పగుల్చును. కావున బురదను కడిగి, పిండి, సోడాను రాబట్టి, ఆరబెట్టిన పిదపనే బట్టీకి పంపవలెననియు, ఆ వ్యయమును శుద్ధికర్మాగారములే భరింపవలెననియు మా దృఢాభిప్రాయము. ఈ విషయమున అనుభవముగల యింజనీరులును, బట్టీలయందు పనిచేయు పాఠకులును తామెఱిగినదానిని మాకు వ్రాసి పంపగోరుచున్నాము.