నెల టిక్కెట్టా, దినము టిక్కెట్టా?



గడచిన మాసమున వంటనూనె ఖర్చును గూర్చి వ్రాసితిని. ఈ మాసము వంటిల్లు విడిచి రైలుస్టేషను వఱకు పోవలసివచ్చినది. అందులకు కారణము మా పొరుగింటి కోడలు.

మేము కాపురముండునది హైదరాబాదు చెంత చందానగరములో. ఆ పిల్లకు బేగంపేటలో నొక బట్టల దుకాణమున లెక్కలు వ్రాయు పని దొరకి రెండు మాసములైనది. రాకపోకలు ఎం.ఎం.టి.ఎస్. బండిమీద. ప్రతి యుదయమున అత్తగారిని డబ్బులడిగి పుచ్చుకొని, స్టేషనులో వరుసలో నిలుచుండి టిక్కెట్టు తీసికొనును. సాయంకాలము బేగంపేటలో మరల నటులే. మొన్న ఆదివారమునాడు మా యింటికి వచ్చి యిట్లన్నది:

“పిన్నిగారూ, నెల టిక్కెట్టు తీసుకుంటే చాలా చౌక అని తోటివాళ్లందరూ చెబుతున్నారు. మా అత్తయ్యగారేమో, ఉద్యోగం నిలుస్తుందో లేదో, నెల డబ్బు ఒక్కసారే పొయ్యడం ఎందుకు అంటున్నారు. మీరు లెక్క వేసి ఇస్తే ఆవిడకు చూపిస్తాను.”

అత్తగారి మాట తీసివేయదగినది కాదు. ఇల్లు నడపు నామెకు నెల మొదటి వారమున పాలవాడు, బియ్యము, మనుమని బడి ఫీజు అన్నియు నొక్కసారిగా మీదపడును. అట్టి వారములో పెద్ద మొత్తము వెలికి తీయుటకన్న, దినమునకు కొన్ని రూపాయలు తీసి యిచ్చుట తేలికగా దోచును. అయినను తేలికగా దోచినదెల్ల చౌక కానక్కరలేదు. కావున నిద్దఱమును కాగితము ముందుంచుకొని కూర్చుంటిమి.

లెక్క యిది. నెల టిక్కెట్టు వెలను, ఒకవైపు ప్రయాణమునకగు టిక్కెట్టు వెలచే భాగింపవలెను. వచ్చిన సంఖ్య, ఎన్ని ప్రయాణముల సొమ్ము మనము ముందుగా నిచ్చుచున్నామో తెలుపును. దానిలో సగము, పోవుటయు వచ్చుటయు కలిసిన దినముల సంఖ్య. నెల టిక్కెట్టును సుమారు 15 ఒంటి ప్రయాణముల వెలగా గట్టుట రైల్వేవారి వాడుక. 2014 జూన్ మాసమున దీనిని 30 ప్రయాణముల వెలగా పెంచనెంచిరి గాని, బొంబాయి మొదలగు పట్టణములలో గొప్ప అలజడి పుట్టుటచే కొలది దినములకే విరమించుకొనిరి. దూరమును బట్టియు, చిల్లర సరిచేయుటను బట్టియు ఈ సంఖ్య యొక్కొక్క స్టేషనునకు నొక్కొక్క రీతిగా నుండును. అందుచేత నితరుల లెక్కను నమ్మక, మీ స్టేషను కిటికీ కడ రెండు వెలలును అడిగి మీరే భాగించి చూచుకొనుడు.

భాగింపగా 20 వచ్చినదనుకొందము. అనగా పది దినములు పోయి వచ్చినచో టిక్కెట్టు వెల రాబట్టుకొన్నట్లే. మా పొరుగింటి కోడలు నెలకు 25 దినములు పనికి పోవును. అవి 50 ప్రయాణములు. ఇరువది ప్రయాణముల వెలతో జరుగవలసిన దానికి ఏబది ప్రయాణముల వెల పోయుచున్నది. అత్తగారి సందేహమునకును సమాధాన మిందులోనే యున్నది. ఉద్యోగము నెలంతయు నిలువనక్కరలేదు. పది దినములు నిలిచిన జాలును. పదునొకండవ దినమున మానుకొన్నను టిక్కెట్టు వలన నష్టము లేదు.

వారమునకు రెండు దినములు మాత్రమే కచేరీకి పోయి, తక్కిన దినములు ఇంటినుండియే పని చేయువారి సంగతి వేఱు. వారికి నెలకు ఎనిమిదో తొమ్మిదో రాకపోకలు. వారికి దినము టిక్కెట్టే మేలు కావచ్చును.

ఇచ్చట నొక మాట చెప్పక యుండలేను. ఆడవారి పెట్టెలో నొకే బల్లమీద కూర్చున్న యిద్దఱిలో, నెల మొదట చేతిలో నాలుగు డబ్బులున్న యామె తక్కువ యిచ్చుచున్నది. ఏనాటి డబ్బు ఆనాడు చూచుకొను నామె యెక్కువ యిచ్చుచున్నది. పప్పును నూనెను చిన్న పొట్లములుగా కొనువారికిని ఇదే గతి. 2009లో రైల్వేవారు నెలకు 1500 రూపాయలకు మించని ఆదాయము గలవారికై 25 రూపాయలకే ‘ఇజ్జత్’ అను నెల టిక్కెట్టును ప్రవేశపెట్టిరి. ఉద్దేశము మంచిదే. కాని మీ యింట అంట్లు తోము నామె మూడిండ్లలో పని చేసి తెచ్చుకొను జీతమును ఆ హద్దు ప్రక్కన పెట్టి చూడుడు.

ఇక మూడు మాసముల టిక్కెట్టు. దీని వెల నెల టిక్కెట్టునకు 2.7 రెట్లు. సబర్బను మార్గములలో ఆఱు మాసములది 5.4 రెట్లు, సంవత్సరపుది 10.8 రెట్లు. నెల టిక్కెట్టు నూఱు రూపాయలనుకొనిన నివి 270, 540, 1080 అగును. సంవత్సరపు టిక్కెట్టున 120 రూపాయలు మిగులునని వినగానే మనసు లాగును. కాని భాగించి చూడుడు: మూడింటను నెలకు పడునది 90 రూపాయలే. మూడు మాసములకు దొరకు తగ్గింపే సంవత్సరమునకును దొరకును గాని యొక్క పైసయు హెచ్చు కాదు. అట్లగుట తక్కిన తొమ్మిది మాసముల సొమ్మును ముందుగా నేల కట్టవలెను? వరుసలో నిలుచుండు శ్రమ తప్పును, నిజమే; నడుమ వెల పెరిగిన మనల నంటదు, అదియు నిజమే. అయితే 2025 జూలైలో దూరపు రైళ్ల చార్జీలు పెంచినప్పుడును సబర్బను టిక్కెట్ల జోలికిని, సీజను టిక్కెట్ల జోలికిని పోలేదు. కావున నేనా భయమునకు అంత విలువ యీయను.

మూడు మాసముల టిక్కెట్టు విషయమున స్త్రీలు చూచుకొనవలసినది మఱొకటి యున్నది. వాడని దినములకు సొమ్ము తిరిగి రాదు. మగవాడు మూడు మాసములు ఏకధాటిగా పనికి పోవచ్చును. మనకో, పుట్టింట పెండ్లి, ఆడబిడ్డ పురుడు, పిల్లవానికి జ్వరము, ఏదో యొకటి వచ్చుచునే యుండును. మూడు మాసముల టిక్కెట్టున మిగులునది తొమ్మిది దినముల విలువ మాత్రమే. అంతకు మించి నాగా పడునని ముందే తెలిసినచో, నెల టిక్కెట్లే తీసికొని, ఆ విరామము రెండు టిక్కెట్ల నడుమ పడునట్లు చూచుకొనుట లాభము. మా పొరుగింటి కోడలికి వచ్చు మాసమున తెనాలిలో చెల్లెలి పెండ్లి. పండ్రెండు దినములైన నుండక తప్పదట. కావున నామెకు నెల టిక్కెట్టే తగినదని వ్రాసి యిచ్చితిని.

కొన్ని చిన్న సంగతులు. ఈ టిక్కెట్టు పేరుగలవారికే చెల్లును. వదినగారి టిక్కెట్టుమీద మఱదలు పోరాదు. ఫొటో గుర్తింపు కార్డు దగ్గఱ నుంచుకొనవలెను. రిజర్వేషను పెట్టెలలో నెక్కరాదు. ఊరినుండి ఊరికి పోవువారు సూపర్‌ఫాస్టు బండి యెక్కవలెనన్న అదనపు రుసుము వేఱుగా గట్టవలెను. మొదటి తరగతి నెల టిక్కెట్టు రెండవదానికి నాలుగు రెట్లు. ఆడవారి పెట్టె యుండగా నది మనకేల? పట్టపరీక్ష వఱకు చదువుకొను బాలికలకు ఇంటినుండి కళాశాలకు పోవుటకు రెండవ తరగతి నెల టిక్కెట్టు ఉచితముగా నిచ్చు ఏర్పాటున్నది. కళాశాలవారి పత్రము కావలెను. చదువుకొను కూతుండ్రున్నవారు దీనిని విడువకుడు.

“బస్సు ఉచితమైనప్పుడు రైలెందుకు?” అని మీలో కొందఱు అడుగుదురు. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండియు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ మున్నగు బస్సులలో ఆ యా రాష్ట్రపు స్త్రీలకు టిక్కెట్టు వెల లేదు. ఆ పిల్లయు మొదటి వారము బస్సుననే పోయినది. నడుమ మారుట, నిలుచుండుట, వాహనముల రద్దీ కలిసి గంటన్నర పట్టి, రెండుమాఱులు ఆలస్యమై దుకాణమున మాటపడినది. అయినను బస్సును పూర్తిగా విడువనక్కరలేదు. ఇంటినుండి స్టేషనుకు పోవుటకు నామె షేరు ఆటోకు ఇరువది రూపాయలిచ్చుచున్నది. పోనురాను నలుబది. రైలు టిక్కెట్టును గూర్చి యింత విచారించి ఈ నలుబదిని మేమిద్దఱమును మఱచియేపోతిమి! స్టేషను వఱకు ఉచితపు బస్సున పోయినచో రైలులో మిగులుదానికన్న నిచ్చటనే యెక్కువ మిగులును. ఇంటినుండి పది నిమిషములు ముందుగా బయలుదేరవలెను, అంతే. బండ్ల వేళలను మాత్రము ముందే చూచుకొనుడు. ఒకటి తప్పిన తరువాతిది వెంటనే వచ్చునన్న నమ్మకము లేదు.

బుధవారమునాడు ఆ కాగితమును అత్తగారికి చూపినదట. ఆమె కండ్లద్దములు పెట్టుకొని రెండుమాఱులు చదివి, “పది రోజులు నిలిస్తే చాలన్నమాట,” అని బీరువా తెఱచి నెల టిక్కెట్టు డబ్బు తీసి యిచ్చినదట. గురువారమున పిల్ల టిక్కెట్టుతో సహా మా యింటికి వచ్చి చూపిపోయినది. ఆటోకని యిచ్చుచున్న నలుబది రూపాయలు ఇకమీదట కోడలి చేతిలో నుండవలెనా, అత్తగారి పెట్టెలో నుండవలెనా అన్న సంగతి మాత్రము ఆ యింట నింకను తేలలేదు.